తెల్ల ముడి

మగ్గం గుంట పూడ్చిన రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు ఆరుగురు: బాపు, అవ్వ, నేను, మట్టి మోసే కూలివాళ్లు ఇద్దరు, పనేమీ చేయకుండా గడప మీద కూర్చుని అందరికీ సలహాలు చెప్పే నా చిన్ననాటి దోస్తు ఎంకటి. గుంటలోంచి బయటికి వచ్చినవి: దారాన్ని అటూ ఇటూ నడిపే విరిగిన నాడె ఒకటి, నూలు చుట్టే ఖాళీ కండెలు కొన్ని, బాపు ఇన్నేళ్లూ కాళ్లతో తొక్కిన చెక్కలు రెండు, తుప్పు పట్టిన కత్తెర, ఎలుకలు కొరికిన గంజి కుంచె, పోయిందని మా బాపమ్మ ఒకప్పుడు వాడంతా వెతికిన వక్కల సంచి, ఒక దారాల కట్ట. బాపు అంటే మా నాన్న, అవ్వ అంటే మా అమ్మ, బాపమ్మ అంటే బాపు తల్లి. ఆమె పోయి కొన్నేళ్లయింది కాబట్టి సంచి దొరికిందని చెప్పడానికి మనిషి లేదు. అవ్వ దాన్ని దులిపి దేవుడి గూట్లో పెట్టింది.

దారాల కట్టను బాపు బయటికి విసరబోయాడు. "చిక్కు దారాలు. పారేస్త."

"ఆగు మామా!" అని ఎంకటి గడప మీద నుంచి లేచాడు. ఆ పొద్దున అతను లేవడం అదే మొదలు. "గవి చిక్కు దారాలు కావు. కొంగల దారాలు."

బాపు చేతిలోనే కట్టను తిప్పి చూశాడు. ఆయన ఇప్పుడు మరమగ్గాల షెడ్డులో కూలికి పోతున్నాడు. గుంట పూడ్చి పైన సిమెంటు గచ్చు వేయిద్దామని నేనే అన్నాను. ఉట్నూర్ అడవిలో రోడ్డు పని మీద ఓవర్సీరుగా ఉన్నాను, సెలవు పెట్టి వచ్చాను. వానాకాలంలో రోడ్డు పని సాగదు, సెలవు తేలికగా దొరుకుతుంది. "కొంగల దారాలా?" అని బాపు నవ్వాడు. "నా పడుగును ఖరాబు చేసినయి గవేనా?" అని కట్టను నా ఒళ్లో పడేశాడు.

ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, నలుపు, కాషాయం. ఆరు రంగులు, ఒక్కో రంగులో చాలా దారాలు. అన్నిటికీ వేలెడేసి దూరంలో ముళ్లు ఉన్నాయి. కొన్నింటికి చివర మరో తెల్ల దారం ముక్క కలిపి, దానికి ఒకే ఒక్క ముడి వేసి ఉంది. ఏది కనిపించినా లెక్కపెట్టి, అంకె వేసి, పట్టికలో పెట్టే అలవాటు నాకు పాలిటెక్నిక్‌లో పట్టుకుందని మా ఆఫీసులో అనుకుంటారు. కాదు. ఈ దారాల దగ్గర పట్టుకుంది.

మా ఊరు మెట్‌పల్లి సంతకు నడిచి పోయి రాగలిగినంత దూరంలో ఉంటుంది. మా వాడ సాలెవాడ. వాడ నడుమ వీధి వెడల్పుగా ఉండేది, దానికి ఒక పక్కన వరసగా ఆరు చింతచెట్లు. ఆ నీడ మా బతుకుకు అవసరం. పడుగును, అంటే చీర నిలువు దారాలను, వీధి పొడుగునా సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఎండలో ఆరితే దారం పెళుసెక్కి తెగుతుంది, నీడలో మెల్లగా ఆరాలి. అందుకని పొద్దు పొడవకముందే ప్రతి ఇంట్లో గంజి ఉడికేది. నూకల గంజి వాసనలో కొంచెం పులుపు, కొంచెం పొగ, అడుగంటితే కొంచెం చేదు ఉంటాయి. ఆ వాసన మా బట్టలకు, తలలకు, బడి పుస్తకాలకు కూడా పట్టేది. బడిలో కాపుల పిల్లలు మమ్మల్ని "గంజిగాళ్లు" అనేవాళ్లు. మేం వాళ్లను "పేడగాళ్లు" అనేవాళ్లం. అంతకు మించి వైరం లేదు.

వాడ అలవాట్లన్నీ మా ఇంట్లో బాపమ్మ దగ్గర కనిపించేవి. పొద్దుగూకేటప్పుడు ఆమె కోళ్లను గంప కింద కమ్మేది. ఒక్కొక్కదాన్ని పట్టి లోపలికి తోస్తూ, "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఇగ అది" అనేది. ఆఖరి కోడికి అంకె లేదు. దాని పేరు "ఇగ అది". రొట్టెలు చేసినా అంతే, పిడకలు ఎత్తినా అంతే, చెల్లెళ్లను స్నానానికి పిలిచినా అంతే. కల్లంలో కాపులు వడ్లు కొలిచేటప్పుడు రాశిని అడుగంటా కొలిచేవాళ్లు కారు. అడుగున మిగిలిన వడ్లు అడుక్కునేవాళ్లకు, పిట్టలకు. మగ్గం మీద కూడా పడుగును చివరంటా నేసేవాళ్లు కారు, మూరెడు మిగిల్చి దానికే కొత్త పడుగును అతికేవాళ్లు. ఇవన్నీ ఎవరో మాకు నేర్పినట్టు గుర్తు లేదు. ఎడమ చేత్తో తినకూడదని ఎవరు నేర్పారో గుర్తుంటుందా?

చింతల మీదికి ఏటా తొలకరి పడగానే కొంగలు వచ్చేవి. తెల్లకొంగలు, గుడ్డికొంగలు, వాటి మధ్య నల్లగా నీటికాకులు. చెరువుల్లో చేప, పొలాల్లో కప్ప దొరికినంత కాలం గూళ్లు పెట్టి, పిల్లల్ని చేసి, బతుకమ్మ పండుగ లోపల వెళ్లిపోయేవి. వాటి గోల మగ్గాల చప్పుడును మించేది. కంపు గంజి వాసనను మించేది. ఆ నెలల్లో పడుగు వేయాలంటే ఒక కన్ను దారం మీద, ఒక కన్ను కొమ్మ మీద ఉండాలి.

నేను ఏడో తరగతిలో ఉండగా పరంధామయ్య సారు మా బడికి వచ్చాడు. రాష్ట్రాలు కొత్తగా కలిసిన రోజులు. సారుది కోస్తా వైపు. సైన్సు చెప్పేవాడు. "అలాగేనండి" అని ఆయన అనగానే వెనక బల్ల మీద ఎంకటి "అలాగేనండి" అని గొంతు మార్చి అనేవాడు. సారుకు వినపడేది కానీ కోపం వచ్చేది కాదు. మా బడికి సైన్సు సామాను లేదు. సూక్ష్మదర్శిని అనే మాట పుస్తకంలో తప్ప మేం చూడలేదు. సారు ఒక శనివారం మమ్మల్ని వాడలోకి నడిపించుకొచ్చి చింతల కింద నిలబెట్టాడు. "ఇదే మన ప్రయోగశాల," అన్నాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఆయన భుజం మీద రెట్ట పడింది. ఆరోజు మేం నవ్విన నవ్వుకు బడిలో ఎవరికైనా దెబ్బలు పడాలి. పడలేదు. సారు జేబురుమాలుతో తుడుచుకుని, "వీటి లెక్క ఎవరైనా రాశారా ఎప్పుడైనా?" అని అడిగాడు.

ఎవరూ రాయలేదు. ప్రతి శనివారం మేమే లెక్కించాలన్నాడు. చెట్టుకు ఇద్దరు. ఒకడు గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, మోదుగాకుల గొడుగు అడ్డం పెట్టుకుని, ఒక్కో గూటిని పొడుగు వెదురుతో చూపిస్తాడు. పక్షి ఉన్న గూడైతేనే లెక్క. రెండోవాడు గుర్తు వేస్తాడు. కాగితం మీద వేస్తే రెట్ట పడి పోతున్నది, వాన పడి పోతున్నది. దారానికి ముడి వేద్దామన్న ఉపాయం ఎంకటిది. మా ఇళ్లలో రంగు రంగుల తెగిన దారాలకు కొదవ లేదు, ముడి వేయడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. చెట్టుకో రంగు, గూటికో ముడి. తరగతి గోడకు మేకులు కొట్టి వారం వారం దారాలు వేలాడదీశాం. ఆషాఢంలో దారాలు పొడుగయ్యాయి, శ్రావణంలో ఇంకా పొడుగయ్యాయి. ఆ గోడను దూరం నుంచి చూస్తే కొండ ఎక్కుతున్నట్టు ఉండేది. తర్వాత నేను చదువులో గీసిన గ్రాఫులన్నీ నాకు ఆ గోడలాగే కనిపించాయి. నా చెట్టు వరసలో మూడోది, పసుపు దారం. వెదురు నాది, ముడి ఎంకటిది.

శ్రావణం చివర బాపు పడుగు పాడైంది. పండుగ చీరల పడుగు, గంజి పట్టి ఆరుతున్నది. ఒక గుడ్డికొంగ పిల్ల కొమ్మ అంచున నిలబడి మొదటిసారి రెక్క విప్పబోయి దబ్బున పడుగు నడుమ పడింది. తోడుగా పైనున్న దాని తల్లి చేపలు కక్కింది. దాన్ని తీయబోతే దారాలు తెగాయి, మరకలు పోలేదు. నూలు ఇచ్చిన సేటు ఆ పడుగు తీసుకోనన్నాడు. ఆ సాయంత్రం వాడ కూడింది. కులపెద్దను అందరం పెద్దతాత అనేవాళ్లం. చెవుడు ఉన్నట్టు నటించేవాడు, వినదలచుకున్నది మాత్రం గోడ అవతల అన్నా వినేవాడు.

"కొమ్మలన్నీ కొట్టేస్తే పీడ పోతది," అన్నాడు బాపు. "వచ్చే ఏడు అవి ఇంకో ఊరు చూసుకుంటయి."

సారు కూడా వచ్చాడు. "గూళ్లలో పిల్లలున్నాయండీ. ఇప్పుడు కొట్టేస్తే అన్నీ చచ్చిపోతాయి. లెక్క చూస్తే చివరి రెండు చెట్ల మీద గూళ్లు చాలా తక్కువ. పడుగులు అటు పక్క వేసుకుంటే..."

"సారూ," అన్నాడు పెద్దతాత, "అటు నీడ గుడ తక్వనే. కొంగకు తెలివుంది, మాకు లేదా?" అందరూ నవ్వారు. నవ్వు ఆగాక తాత గొంతు మార్చాడు. "పసిపిల్లల ఉసురు మనకొద్దు. సారు శిష్యులు లెక్కలు పెడుతుండ్రు గద. ఏ దినం గూళ్లల్ల ఒక్కటి లేదని పోరగాండ్లు చెప్తరో, ఆ తెల్లారి గౌండ్ల మల్లయ్యను ఎక్కిపిద్దం. గంతదాక ఆగుండ్రి."

అట్లా ఆ మాట మా మెడకు పడింది. కొమ్మలు కొట్టే రోజు మేం చెప్పాలి. బాపు ఇంట్లో నన్ను ప్రతి శనివారం ఒకే మాట అడిగేవాడు: "ఇంకెన్ని?" నేను చెప్పేవాణ్ణి. ఆయన మగ్గంలోకి దిగేవాడు. పండుగ పడుగు పోయాక ఇంట్లో కూర తగ్గింది, నాకు అర్థమవుతూనే ఉంది. కొమ్మలు కొడితే నా చెట్టు మొండి చేతులతో మిగులుతుంది, వచ్చే ఏడు మేకుకు పసుపు దారం ఉండదు, అదీ అర్థమవుతూనే ఉంది. దారాలు కురచవుతూ వచ్చాయి. మేకుల వరస కొండ దిగుతున్నది. సారు లెక్క చెప్పమన్నప్పుడు ఒక్క ముడి అయినా ఎక్కువ చెప్పమని మమ్మల్ని అడగలేదు. ఒకరోజు నేనే అడిగాను, "సార్, రెండు ఎక్కువ ఏద్దమా?" ఆయన గోడ వైపు చూసి, "వద్దురా. ఒకసారి కలిపితే ఆ గోడంతా అబద్ధమైపోతుంది," అన్నాడు.

బతుకమ్మ దగ్గర పడ్డ శనివారం ఆరు దారాలకూ ముడి పడలేదు. సారు వాటిని అట్లాగే మేకులకు తగిలించాడు. గాలికి ఆరూ ఒకే తీరుగా ఊగాయి. తర్వాత చెప్పులు వేసుకుని తనే వెళ్లి పెద్దతాతతో, "సున్నా అండి," అన్నాడు.

మర్నాడు ఆదివారం. చింతల కింద వాడంతా ఉంది. గౌండ్ల మల్లయ్య మోకు నడుముకు కట్టుకుని, గొడ్డలి వీపున దోపుకుని వచ్చాడు. తాడిచెట్లు ఎక్కే మనిషికి చింతచెట్టు మెట్లతో సమానం. ముందు మా మూడో చెట్టు ఎక్కాడు, దాని కొమ్మలే వీధి మీదికి ఎక్కువ చాచుకుని ఉన్నాయి. ఆకుల్లో మాయమయ్యాడు. గొడ్డలి చప్పుడు కోసం అందరం మెడలెత్తి ఉన్నాం. చప్పుడు రాలేదు.

"ఓ పెద్దతాతా!" అని కేక వచ్చింది. "గిండ్ల మూడు పిల్లలున్నయి! నోర్లు తెరిచి నన్ను తిండి అడుగుతున్నయి!"

"ఏందీ?"

"పిల్లలు, తాతా! కొంగ పిల్లలు! నన్ను సూసి అవ్వ అనుకుంటున్నయి!"

వాడ గొల్లుమంది. సారు నవ్వలేదు. మల్లయ్య దిగి రెండో చెట్టెక్కాడు. దాని మీదా ఒక గూడు. మొదటి దాని మీద ఏమీ లేదు. నాలుగోదాని మీద మళ్లీ ఒకటి. ఐదోది ఖాళీ. ఆరోదాని మీద ఒకటి. ఎక్కినచోటల్లా ఒకటే ఉంది, లేదా అసలు లేదు. రెండు ఎక్కడా లేవు. ఆ వరస నాకు ఇప్పటికీ అంకెలతో సహా గుర్తుంది: సున్నా, ఒకటి, ఒకటి, ఒకటి, సున్నా, ఒకటి.

"గిదేం లెక్క సారూ?" అన్నాడు బాపు. "చెట్లు కాపాడాలనుకుంటే ఎక్వ చెప్తరు గని తక్వ చెప్పుడేంది?"

సారు మా వైపు తిరిగాడు. "ఎవరు చూడకుండా ముడి మానేశారు? కొట్టను. చెప్పండి."

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎంకటి ముందుకు వచ్చాడు. "ఎవ్వలం మానలే సార్. అన్నిటికి ఏసినం. గది తప్ప."

"అది అంటే ఏది?"

"ఆఖరుది సార్."

"ఆఖరుది ఎందుకు వేయలేదు?"

ఎంకటి ఆశ్చర్యంగా చూశాడు. నీళ్లు ఎందుకు తాగుతారు అని అడిగితే ఎట్లా చూస్తామో అట్లా. "ఆఖరుది లెక్కవెట్టరు గద సార్."

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. పన్నెండుమందిమి, ఆరు చెట్ల కింద, ఒకరినొకరు అడగకుండానే, మొదటి శనివారం నుంచి ప్రతి చెట్టుకూ ఒకటి వదిలేశాం. వెదురుతో నేను ఆఖరి గూడు చూపించి "ఇగ అది" అనేవాణ్ణి, ఎంకటి దారం చుట్టేసేవాడు. అది లెక్క తప్పు అని మాకు తోచనే లేదు.

గుంపులోంచి బాపమ్మ వచ్చింది. నోట్లో వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, "ఎవ్వలు చెప్పుడేంది కొడుకా," అంది సారుతో. "పాణమున్నదాన్ని అడుగంట లెక్కవెట్టుకుంటరా? మీ దేశంల కోళ్లను గుడ ఆఖరు దాక లెక్కవెడ్తరా?"

"పెడతామండి," అన్నాడు సారు.

"మరి దక్కుతయా?"

ఆయన పడుగు కర్రల మీద కూర్చుని, వేళ్ల మీద ఏదో కలుపుకున్నాడు. "అంటే ఆషాఢం నుంచీ నా లెక్కలన్నీ..."

"ఒక్కటి తక్వ సార్. గంతే," అని ఎంకటి ఓదార్చాడు. "మీరు పరేషాన్ గాకుండ్రి."

అప్పుడు సారు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. బాపు మాత్రం నవ్వలేదు. "ఇగ కొడ్తరా కొట్టరా? పొద్దెక్కుతుంది," అన్నాడు. మల్లయ్య గొడ్డలి మీద చెయ్యి వేసుకుని పెద్దతాత వైపు చూశాడు.

తాత పైకి చూశాడు. "ఎట్ల కొడ్తంరా?" అన్నాడు. "లెక్కవెట్టకుంట ఇడిశిపెట్టింది మనది కాదు. రాశి కింద ఇడిశిన వడ్లను మళ్ల పోయి చేటల ఎత్తుకుంటరా? పోరగాండ్లు ఇడిశిపెట్టిండ్రు. ఇడిశినట్టే."

"నా పడుగు?"

"నీ పడుగు గురించి వాడంత చూస్తది. ఇంటికి ఇంత నూలు ఎత్తుదం."

"నేను ఎక్కిన కూలి తాతా?" అన్నాడు మల్లయ్య.

"కొంగపిల్లలు నిన్ను అవ్వ అనుకున్నయి గద. వాటినడుగు."

నూలు ఎత్తారు. బాపు ఆ ఏడు పండుగ చీరలు ఆలస్యంగా నేశాడు. మళ్లీ ఏడు తొలకరికి ముందే పాత గోనెసంచులు విప్పి, కుట్టి, పడుగు మీదికి పొడుగాటి పందిరి వేశాడు. సణుక్కుంటూనే వేశాడు. దాన్ని చూసి మిగతా ఇళ్లవాళ్లూ వేశారు. గోనెల మీద పడిన రెట్టను కాపులు నారుమళ్లకు తీసుకుపోయి, బదులుగా గంజికి నూకలిచ్చేవాళ్లు. బాపు అది మాత్రం ఎప్పుడూ మెచ్చుకోలుగా చెప్పలేదు.

సారుకు తన లెక్క సరి చేసుకోవాల్సి వచ్చింది. దారానికి ఒకటి కలుపుకుంటే సరిపోతుందని మేమన్నాం. సరిపోదు. అన్ని ముళ్లకూ ఒకటి కలపవచ్చు కానీ ముడి లేని దారం దగ్గర చిక్కు వస్తుంది. అది ఖాళీ చెట్టు కావచ్చు, ఒక్క గూడు మిగిలిన చెట్టు కావచ్చు. ఆఖరుదానికీ ముడి వేయమని మమ్మల్ని అడిగాడు. మేం వేయలేదు, బాపమ్మ వేయనిచ్చేది కాదు. ఆయనే దారి కనిపెట్టాడు. మా ముళ్లు అయిపోయాక "ఇగ అది" అనగానే, సారు తన తెల్ల దారం ముక్క కలిపి తన చేత్తో ఒక ముడి వేసేవాడు. ఆయన ఊరివాడు కాదు కాబట్టి ఏ దోషమూ లేదని బాపమ్మ ఒప్పుకుంది. తెల్ల ముడి ఒక్కటే ఉంటే ఒకటి. ఏ ముడీ లేకపోతే సున్నా. ఇంతకంటే శుభ్రమైన ఏర్పాటు నేను ఇంజనీరింగులో ఇంకా చూడలేదు. మూడు వానాకాలాలు అట్లా నడిచింది. తర్వాత సారుకు బదిలీ అయింది. దారాలు నాకిచ్చి పోయాడు. నేను మగ్గం గుంట గోడలోని గూట్లో దాచాను.

ఇప్పుడు నా ఉద్యోగంలో నేను చెట్లు లెక్కపెడతాను. రోడ్డు పోయే దారిలో ఉన్న ప్రతి టేకుకూ, మద్దికీ, ఇప్పకూ ఎర్ర రంగుతో అంకె వేయాలి. వరసలో ఒక్కటి వదిలినా కాంట్రాక్టరుకు, ఆఫీసుకు మధ్య తగాదా వస్తుంది. నేను వదలను. చివరి అంకె వేశాక, ఆ చెట్టు దగ్గర కొంచెంసేపు ఎక్కువ నిలబడతాను, అంతే. గోండు గూడేల పిల్లలు నా వెంట నడుస్తూ ప్రతి చెట్టు మీద ఏ పిట్ట ఉంటుందో చెబుతుంటారు. మా పట్టికలో దానికి గడి లేదు.

గుంట పూడ్చిన మర్నాడు ఎంకటి నన్ను చింతల దగ్గరికి లాక్కుపోయాడు. ఆరు చెట్లలో రెండు లేవు. ఒకటి గాలివానకు పడింది, ఒకటి కరెంటు తీగ కోసం పోయింది. వీధిలో పడుగులు లేవు, గంజి వాసన లేదు. షెడ్డు లోపల మరమగ్గాల మోత గోడ దాటి వస్తున్నది. కొంగలు మాత్రం ఉన్నాయి, వాటి గోల మోతకు తగ్గలేదు. ఎంకటి పిల్లలిద్దరూ గోనెపట్టా పరిచి, ఒకరు పడుకున్నారు, ఒకరు దారం పట్టుకున్నారు. సారు వెళ్లాక ఇది ఆగిపోయిందనుకున్నాను. ఎంకటి ఆపలేదట. ఏటా ఒకసారి, నిండు శ్రావణంలో.

"మరి తెల్ల ముడి ఎవలేస్తుండ్రు?" అని అడిగాను.

"ఎవ్వలేస్తరు? ఊరోళ్లు ఎయ్యొద్దు గద. గట్లనే ఇడిశిపెడుతున్న." ఎంకటి అంగీ జేబులోంచి తెల్ల దారం ఉండ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇయ్యాల నువ్వొచ్చినవ్. ఎయ్యి."

నేను దారం వైపు, అతని వైపు చూశాను. అతను అప్పటికే పిల్లల వైపు తిరిగి, వెదురు సరిగా పట్టుకొమ్మని కసురుతున్నాడు. చిన్నది ఆఖరి గూటిని చూపించి "ఇగ అది" అంది. నేను ముడి వేశాను. నాలుగు చెట్లకూ నాలుగు వేశాను.

పిల్లల ముళ్లు నలభై ఏడు. తెల్ల ముళ్లు నాలుగు. మొత్తం యాభై ఒకటి.